డైరీ అచ్చయ్యాక అడిగే అభిప్రాయం

స్కూలు వాళ్లు ఒక నిర్ణయం తీసుకుని "ఇకనుంచి ఇలా" అని చెబితే నాకు పెద్దగా కోపం రాదు. బడి నడిపేది వాళ్లు, కొన్ని విషయాలు వాళ్లే తేల్చుకోవాలి. అంతా అయిపోయాక "మీ అమూల్యమైన అభిప్రాయాన్ని తెలియజేయగలరు" అని ఫారం పంపిస్తారు చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. ఈమధ్య మా పిల్లల ప్రైమరీ స్కూల్లో అదే జరిగింది. పోస్టు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

విషయం హోంవర్క్. శనివారం సాయంత్రం స్కూల్ యాప్‌లో ఒక లింకు వచ్చింది, ఆదివారం రాత్రిలోపు నింపాలట. తెరిస్తే మూడే ప్రశ్నలు. "కొత్త హోంవర్క్ విధానం మీ చిన్నారికి ఉపయోగపడుతుందని భావిస్తున్నారా?" జవాబులు: చాలా ఉపయోగం, ఉపయోగం, కొంతవరకు ఉపయోగం. ఉపయోగం లేదు అనుకునేవాళ్లు నొక్కడానికి ఏమీ లేదు. రెండు ముక్కలు రాద్దామంటే చోటు లేదు. ఇంతకీ ఆ కొత్త విధానం ఏమిటో ఆ ఫారంలో ఎక్కడా చెప్పలేదు! సోమవారం పిల్లల బ్యాగులో కొత్త డైరీ వచ్చింది. రెండో పేజీలో రంగుల గళ్లలో నియమాలన్నీ అచ్చయి ఉన్నాయి. రెండోసారి హోంవర్క్ చేయకపోతే డైరీలో ఎర్ర స్టాంపు, మూడోసారికి అమ్మో నాన్నో వచ్చి సంతకం పెట్టాలి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: "తల్లిదండ్రుల సూచనల మేరకు రూపొందించబడినది."

ఏ ప్రెస్సులోనూ ఆదివారం రాత్రికి రాత్రి ఇన్ని డైరీలు అచ్చవ్వవు. అంటే మా దగ్గరికి లింకు వచ్చేసరికే డైరీలు కట్టలు కట్టి సిద్ధంగా ఉన్నాయన్నమాట. మా అభిప్రాయం వాళ్లకు కావలసింది ఆ అడుగు వాక్యం కోసమే. రేపు ఎవరైనా నిలదీస్తే "మీ అందర్నీ అడిగే చేశాం కదండీ" అనడానికి.

ఇది మా ఒక్క స్కూలు తెలివితేటలేమీ కాదు లెండి. షెరీ ఆర్న్‌స్టైన్ అని ఒక అమెరికన్, నగరాల అభివృద్ధి పథకాల్లో జనాన్ని ఎలా "భాగస్వాముల్ని" చేస్తున్నారో చూసి 1969లో ఒక వ్యాసం రాశారు. అందులో ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశారు, పైకెక్కేకొద్దీ నిర్ణయంలో జనం చేతికి అధికారం పెరుగుతుంది. మూడో మెట్టు సమాచారం ఇవ్వడం, నాలుగోది సంప్రదించడం. ఈ రెండిటినీ ఆవిడ నామమాత్రపు భాగస్వామ్యం కిందే లెక్కేశారు, ఎందుకంటే విన్నదాన్ని పట్టించుకుంటారన్న హామీ వీటిలో ఉండదు. వీటికి కింద, అట్టడుగున ఇంకో మెట్టుంది: జనాన్ని ఏమార్చి, వాళ్లు ఒప్పుకున్నట్టు చూపించడం. మా ఫారం ఆ అడుగు మెట్టు మీదే ఉంది. నిజాయితీగా ఒక సర్క్యులర్ పంపి ఊరుకున్నా మూడో మెట్టు మీద ఉండేవాళ్లు. అడిగినట్టు నటించబోయి ఇంకా కిందికి జారారు.

ఇంతకంటే పనికొచ్చే కొలబద్ద ఇంకొకటుంది. అది పుట్టింది కూడా స్కూళ్ల గొడవలోనే. 1985లో లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ స్కూళ్లను మూసేసే, కలిపేసే ప్రతిపాదన తెచ్చినప్పుడు వ్యవహారం కోర్టుకెక్కింది. సరైన సంప్రదింపు అంటే ఎలా ఉండాలో అక్కడ నాలుగు సూత్రాలు తేలాయి. గన్నింగ్ సూత్రాలంటారు. ప్రతిపాదన ఇంకా రూపుదిద్దుకునే దశలో ఉండగానే అడగాలి. అవతలివాళ్లు ఆలోచించి జవాబివ్వగలిగేలా కారణాలు చెప్పాలి. తగినంత వ్యవధి ఇవ్వాలి. వచ్చిన అభిప్రాయాలను మనస్ఫూర్తిగా పరిశీలించి, ఆ తర్వాతే తుది నిర్ణయం తీసుకోవాలి. 2014లో అక్కడి సుప్రీంకోర్టు కూడా వీటిని ఆమోదించింది. ఆ తీర్పులు మనకు వర్తిస్తాయని నేననడం లేదు. కానీ ఈ నాలుగింటినీ మా ఫారం పక్కన పెట్టి చూడండి. మొదటిది డైరీల కట్టల కింద నలిగిపోయింది. వ్యవధి ఒక్క ఆదివారం. పరిశీలన సంగతి సరేసరి, "లేదు" అనే జవాబే లేని చోట పరిశీలించడానికి ఏముంటుంది?

కారణాల విషయం మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. డైరీతో పాటు వచ్చిన సర్క్యులర్‌లో ఇచ్చిన కారణం "విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధి కోసం". ఈ మాటతో దేన్నైనా సమర్థించవచ్చు. హోంవర్క్ పెంచినా సర్వతోముఖాభివృద్ధే, తగ్గించినా సర్వతోముఖాభివృద్ధే. నిజంగా మాట్లాడుకోవాలంటే మాట్లాడుకోవడానికి బోలెడంత ఉంది. అమెరికాలో హ్యారిస్ కూపర్ బృందం హోంవర్క్ మీద 1987 నుంచి 2003 దాకా అక్కడ వచ్చిన పరిశోధనలను పోగేసి 2006లో ఒక సమీక్ష ప్రచురించింది. హోంవర్క్‌కీ చదువులో ఫలితాలకీ సంబంధం ఏడో తరగతి నుంచి పైన బలంగా కనిపించింది, కింది తరగతుల్లో బలహీనంగా ఉంది. మా స్కూలు వాళ్ల దగ్గర దీనికి జవాబు ఉండొచ్చు. "మార్కుల కోసం ఇవ్వడం లేదండీ, రోజూ కాసేపు చదివే అలవాటు కావాలని ఇస్తున్నాం" అంటే నేను వింటాను. ఒప్పుకున్నా ఒప్పుకుంటాను. కానీ ఆ మాట ఎవరైనా అనాలి కదా! ఏడేళ్ల పిల్లకి ఎర్ర స్టాంపు ఎందుకో, అది వేస్తే ఏం మారుతుందనుకుంటున్నారో ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ పోస్టు సగానికి తగ్గేది.

ఇక్కడ కొందరు వెంటనే అంటారు, "ప్రతిదీ తల్లిదండ్రులను అడిగితే బడి నడిచినట్టే" అని. ఒప్పుకుంటాను. అడగకూడనివి ఉన్నాయి. పిల్లల భద్రత మీద ఓటింగ్ పెట్టకూడదు. పిల్లల్ని కొట్టొద్దు అనే నియమానికి మెజారిటీ అక్కర్లేదు, మెజారిటీ వాళ్లు "రెండు తగిలించండి సార్" అన్నా సరే. ఏ టీచర్‌కి ఏ క్లాసు ఇవ్వాలో మేం చెప్పకూడదు. అడగడం అంటే మా చేతికి వీటో ఇవ్వడమని కూడా అర్థం కాదు. 2020 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో ప్రాథమిక పాఠశాలలు కుటుంబం, స్నేహం లాంటి మానవ సంబంధాల గురించి పాఠాలు చెప్పాలి, ఆ విధానం తయారుచేసేటప్పుడు తల్లిదండ్రులను సంప్రదించి తీరాలి. ఏం బోధించాలో చివరికి తేల్చేది మాత్రం స్కూలే. ఇందులో నాకు ఏ ఇబ్బందీ కనిపించదు. ఏది ఖరారైందో, ఏది ఇంకా మా మాటను బట్టి మారొచ్చో ముందే విడమరిచి చెబితే చాలు.

సమాచారం ఇవ్వడం దగ్గరికి వద్దాం. మా యాప్‌లో నోటిఫికేషన్లకు కొదవ లేదు. శుభాకాంక్షల పోస్టర్లు, డ్రాయింగ్ పోటీలో గెలిచినవాళ్ల ఫొటోలు, "ఒత్తిడి లేని పెంపకం" మీద ఎవరిదో ఉపన్యాసం. వాటి మధ్యలో ఎక్కడో, ఒక పొడవాటి మెసేజ్ చివరి పేరాలో, వచ్చే వారం నుంచి స్కూలు అరగంట ముందే వదులుతామన్న ముక్క ఉంటుంది. అది చూడనివాళ్ల పిల్లలు ఆ రోజు గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కూర్చున్నారు. మా అమ్మాయి క్లాస్ టీచర్ సంవత్సరం మధ్యలో మానేశారు. ఆ సంగతి మాకు స్కూలు చెప్పలేదు, పిల్ల చెప్పింది. "అమ్మా, పాత మిస్ ఇంక రారంట, కొత్త మిస్‌కి నా పేరు రావట్లేదు" అని. ఆ రాత్రి అది నిద్రపోవడానికి చాలాసేపు పట్టింది. రెండు రోజుల ముందు ఒక చిన్న మెసేజ్ వచ్చి ఉంటే ఇంట్లో మేమే మెల్లగా చెప్పి ఉండేవాళ్లం. ఇలాంటి వాటికి సంప్రదింపులూ కమిటీలూ ఏమీ అక్కర్లేదు. ముందు చెప్పాల్సింది ముందు చెప్పాలి, ముఖ్యమైనది మొదటి వాక్యంలో ఉండాలి.

ఇంకో సంగతి. ఈ యాపులూ లింకులూ ఎవరికి చేరుతున్నాయో ఎవరైనా చూస్తున్నారా? ఫోన్ ఒకటే ఉండి, అది నాన్న దగ్గర, ఆయన నైట్ డ్యూటీలో ఉండే ఇళ్లున్నాయి. చదువు రాని అమ్మలున్నారు. పిల్లల్ని తాతయ్య, నానమ్మ పెంచుతున్న ఇళ్లున్నాయి. మీటింగ్ ఎప్పుడూ పని రోజు పొద్దున పదకొండింటికే పెడతారు. రాలేనివాళ్లని "శ్రద్ధ లేని పేరెంట్స్" అంటారు. వచ్చేది మాలాంటి వాళ్లమే, సెలవు పెట్టుకోగలిగినవాళ్లం, మైకు ఇస్తే మాట్లాడగలిగినవాళ్లం. ఎర్ర స్టాంపు ఎక్కువగా పడేది మాత్రం ఇంట్లో హోంవర్క్ చేయించేవాళ్లు లేని పిల్లలకే. ఈ నియమం గురించి మొట్టమొదట అడగాల్సింది వాళ్ల ఇళ్లలో. గేటు దగ్గర సాయంత్రం రెండు నిమిషాలు నిలబడి నోటితో అడిగినా సరిపోయేది.

తల్లిదండ్రుల తప్పేం లేదా అంటే, ఎందుకు లేదు. మన వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా యుద్ధమే. "ఈసారి వదలకూడదు", "అందరం కలిసి అడుగుదాం" అని నిప్పులు చెరుగుతాం. తీరా మీటింగ్‌లో హెడ్‌మిస్ట్రెస్ గారు "ఎవరికైనా ఏమైనా సందేహాలున్నాయా?" అంటే హాలంతా నిశ్శబ్దం, అందరి చూపూ ఫోన్లలోకి. బయటికొచ్చాక పక్కావిడ నా చెవిలో అంది, "ఎందుకొచ్చిన గొడవ వదినా, రేపు పిల్లాడి మీద చూపిస్తే?" ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. మన పిల్లలు రోజంతా వాళ్ల చేతుల్లో ఉంటారు. అందుకే పేరు లేకుండా చెప్పే వీలు ఉండాలి, క్లాసుకొక ప్రతినిధి ఉండాలి, ఆ ప్రతినిధిని స్కూలు కాకుండా తల్లిదండ్రులే ఎన్నుకోవాలి. ఏ వీలూ లేకపోతే నోరున్నవాడిదే రాజ్యం. గ్రూపులో ముగ్గురు అరుస్తారు, స్కూలు ఆ ముగ్గురినీ చూసి "పేరెంట్స్ అంటే ఇంతే" అని తలుపులు ఇంకా గట్టిగా బిగిస్తుంది.

టీచర్లను మాత్రం ఇందులోకి లాగకండి. మా అబ్బాయి క్లాస్ టీచర్‌ని అడిగితే "మాకూ డైరీలో చూశాకే తెలిసింది మేడమ్" అన్నారు. ఆ స్టాంపు వేయాల్సింది ఆవిడే, ఏడ్చిన పిల్లని ఊరుకోబెట్టాల్సిందీ ఆవిడే, నాలాంటి వాళ్లు నిలదీస్తే జవాబు చెప్పుకోవాల్సిందీ ఆవిడే. ఇక పిల్లల మాట ఎవరూ ఎత్తలేదు. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం పన్నెండో అధికరణంలో ఉంది. మూడో తరగతి పిల్లల్ని "ఇంటికెళ్లాక మీకు ఏది కష్టంగా ఉంటుంది?" అని అడిగి చూడండి, మన సర్వేలకంటే పనికొచ్చే జవాబులు వస్తాయి.

చట్టం కావాలంటే అదీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి. స్కూలు పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం వాళ్ల పనుల్లో భాగం. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూళ్లకు మాత్రం ఈ నిబంధన లేదు. ఫీజు కట్టేవాడికి ఎలాగూ మాట చెల్లుతుంది అనుకున్నారో ఏమో! ఎంత చెల్లుతోందో చూస్తూనే ఉన్నాం.

వినిపిస్తున్నదాన్ని బట్టి తర్వాత రాబోయేది ప్రవర్తన నియమావళి. క్లాసులో అల్లరి చేస్తే ఏం చేయాలి, ఆటల పీరియడ్ కోసేయొచ్చా, ఇలాంటివి. వచ్చే మీటింగ్‌లో నేను లేచి అడగబోయేది ఇదీ: ముసాయిదాను అచ్చుకు పంపకముందే మాకు చూపించండి, ఒక్క పేజీ చాలు. చదివి జవాబివ్వడానికి కనీసం రెండు వారాలు ఇవ్వండి. ఆ తర్వాత మీరు ఏం విన్నారో, దేన్ని మార్చారో, దేన్ని ఎందుకు మార్చలేదో అరపేజీ రాసి పంపండి. మా స్కూలు పేరెంట్స్ ఎవరైనా ఇది చదువుతుంటే ఇన్‌బాక్స్‌లోకి రండి. మీటింగ్‌లో నా పక్కన ఇంకో నలుగురు చేతులెత్తితే ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయించగలం.