మూడు వేల పదహార్ల చదివింపులు

నిరుద్యోగ భృతి ఇస్తే కుర్రాళ్ళు సోమరిపోతులైపోతారని మా కాలనీలో ఒక రిటైర్డ్ పెద్దాయన రోజూ వాకింగ్‌లో తెగ బాధపడుతుంటారు. సర్కారు పెన్షన్ కరువు భత్యంతో సహా నెలనెలా పడిపోతుంది కాబట్టి దేశం గురించి బాధపడటానికి ఆయనకు కావలసినంత తీరిక. నేను చెప్పేది ఒకటే: కంగారు పడకండి సార్, ఆ ప్రమాదం రాకుండా మన పార్టీలన్నీ చాలా జాగ్రత్తగా ఉన్నాయి.

2018 ఎన్నికలప్పుడు తెలంగాణలో నెలకు 3,016 ఇస్తామన్నారు. ఆ పదహారు చూశారా, పెళ్ళిలో నూట పదహార్లు చదివించినట్టు ఎంత మర్యాదో! ఐదేళ్ళు గడిచాయి, మూడు వేలు సరే, ఆ పదహారు కూడా ఎవరి ఖాతాలోనూ పడలేదు, అంటే ఐదేళ్ళపాటు ఒక్క కుర్రాడు కూడా భృతి వల్ల చెడిపోలేదన్నమాట. 2023లో ఇంకో పార్టీ 4,000 అంది. ఉద్యోగికి ఇంక్రిమెంట్ ఆగుతుందేమో గానీ నిరుద్యోగికి ఇచ్చే హామీకి ఆగదు.

ఆంధ్రాలో మాత్రం నిజంగానే ఇచ్చారు, 2018 అక్టోబర్ 2న మొదలుపెట్టి నెలకు వెయ్యి. కాకపోతే డిగ్రీయో డిప్లొమానో ఉండాలి, తెల్లకార్డు ఉండాలి, వయసు 22 నుంచి 35 మధ్య ఉండాలి. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్నవాడు నిరుద్యోగి కాడు, ఊరికే ఖాళీగా ఉన్నాడంతే. ముప్పై ఐదు దాటినవాడికైతే ఉద్యోగం రాకుండానే నిరుద్యోగం తీరిపోతుంది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, ఆ భృతీ పోయింది. 2024లో మళ్ళీ హామీ, ఈసారి 3,000.

హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసినవాళ్ళనూ ఒకసారి తలుచుకోవాలి. 2022 అక్టోబర్‌లో రాశారు, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో రాశారు, హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి. రూం అద్దె, మెస్ బిల్లు, పుస్తకాలు, ఊరికి బస్ చార్జీ, అన్నీ ఇంటి నుంచే రావాలి. ఇంత చాకిరీ చేసేవాళ్ళకు నెలకు నాలుగు వేలు ఇస్తే వెంటనే ముసుగుతన్ని పడుకుంటారు మరి!

మొన్న మాటల్లో పెద్దాయన్ని మీ అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగాను. ప్రిపేరవుతున్నాడట, నాలుగేళ్ళుగా. ఖర్చులకు నెలకు పదిహేను వేలు పంపుతున్నారట, పెన్షన్‌లోంచే. "పాపం, మనం సపోర్ట్ చెయ్యకపోతే ఎవరు చేస్తారండీ" అన్నారు. మరి వాడు సోమరి అయ్యాడా అని అడగబోయి, అసలే బీపీ మనిషి, ఎందుకొచ్చిన గొడవలే అని ఇంకో రౌండ్ నడిచాను.