అమ్మ నోట తెలుగు మాన్పిస్తే బిడ్డకు మాట వస్తుందా?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, బరంపురం తెలుగు ఇళ్లలో బిడ్డకు ఆటిజం (మాటలో, మనుషులతో కలవడంలో తేడా) అని తేలితే, మందుల చీటీ కన్నా ముందు ఒక సలహా అందుతుంది. "ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. వీడి బుర్ర తికమక పడుతోంది. తెలుగు మానేసి ఒడియా ఒక్కటే మాట్లాడండి." చెప్పేవాళ్లకు బిడ్డ మీద దయ లేక కాదు. కానీ ఈ సలహాకు పరిశోధనలో ఆధారం లేదు. అంతకన్నా పెద్ద నష్టం, బిడ్డకు ఇంట్లోనే అందాల్సిన చికిత్సను ఇది ఆపేస్తోంది.

రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం పిల్లలకు మాట ఇంకా ఆలస్యమవుతుందా అన్న ప్రశ్న కొత్తది కాదు. 2012లో అచ్చయిన మాంట్రియల్ అధ్యయనం 75 మంది ఆటిజం పిల్లలను చూసింది. ఒక భాష వినే పిల్లలకన్నా రెండు భాషలు వినేవాళ్లు అదనంగా వెనకబడలేదని తేల్చింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద 2005లో వచ్చిన కెనడా పరిశోధన కూడా ఇదే మాట చెప్పింది. అంటే మేధో వైకల్యం ఉన్నా సరే, రెండో భాష బరువు కాదు.

అసలు ఆలోచించాల్సింది 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన గోవా, రావల్పిండి ప్రయోగం గురించి. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 65 మంది. చికిత్స చేసింది నిపుణులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. ఆరు నెలల్లో 12 విడతలు. తల్లీబిడ్డల ఆటను వీడియో తీస్తారు, దాన్ని తల్లితో కలిసి చూస్తారు, బిడ్డ చూపు ఎటుందో తల్లి మాట అటే వెళ్లిన క్షణాలను వెతికి చూపిస్తారు. బిడ్డ బొమ్మబండి చక్రం తిప్పుతుంటే "చక్రం గిర్రున తిరుగుతోందిరా" అనడం ఒక రకం మాట. "ఇదేంటి? ఏ రంగు? చెప్పు, చెప్పు" అనడం ఇంకో రకం. మొదటిది బిడ్డ వెంట నడుస్తుంది, రెండోది బిడ్డను పరీక్షిస్తుంది. ఆ ప్రయోగంలో అన్ని కొలతలూ మెరుగుపడలేదు. కానీ బిడ్డ వెంట నడిచే మాటలు తల్లి నోట పెరిగాయి, బిడ్డ తనంతట తాను తల్లిని పలకరించడమూ పెరిగింది.

ఇప్పుడు తెలుగు మానమన్న సలహాను దీని పక్కన పెట్టి చూడండి. కాశీనగరం తల్లికి వచ్చిన ఒడియా బజారు ఒడియా. బేరమాడడానికి, బస్సెక్కడానికి సరిపోతుంది. లాలించడానికి, ఉడికించడానికి, చక్రం గిర్రున తిరుగుతోందని మురిసిపోవడానికి చాలదు. తెలుగు మానమంటే ఆమె దగ్గర మిగిలేవి నాలుగు ఆజ్ఞలు, నాలుగు పేర్లు: రా, కూర్చో, తిను, ఇదేంటి. అంటే ఏ మాటలు తగ్గించాలని ఆ చికిత్స చూస్తుందో సరిగ్గా ఆ మాటలే. నాయనమ్మకు అదీ రాదు గనుక ఆవిడ మౌనంగా ఉండిపోతుంది. రోజంతా తెలుగు వినిపించిన ఇల్లు గంటలకొద్దీ మూగబోతుంది. ఆ తర్వాత ఎన్ని థెరపీ సెషన్లు పెట్టినా, వారానికి రెండు గంటలు ఆ మౌనాన్ని పూడ్చలేవు.

భాష పట్టించుకోకపోతే పరీక్ష కూడా తప్పుతుంది. పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజం ఉన్న 11 మంది పిల్లలను వర్ణిస్తూ, 'నేను' అనాల్సిన చోట 'నువ్వు' అనడాన్ని ఒక గుర్తుగా రాశాడు. అది ఇంగ్లీషు పిల్లల్లో పట్టుకున్న గుర్తు. తెలుగులో సర్వనామం సగం సార్లు నోట్లోంచే రాదు, క్రియ చివర దాక్కుంటుంది. దాహమేసిన పిల్లాడు అమ్మ అడిగే మాటనే తిప్పి "నీళ్లు తాగుతావా?" అంటాడు. 'తాగుతాను' రావాల్సిన చోట 'తాగుతావా' వచ్చింది, అంతే. 'నువ్వు' వినబడుతుందా అని కాచుకున్న పరీక్షకుడికి ఇది అందదు. దీనికి ఎదురు పొరపాటూ ఉంది. ఒడియా రాని పిల్లాణ్ని "తో నా కొణొ?" (నీ పేరేంటి?) అని అడిగితే "కొణొ" అంటాడు. అర్థం కాని మాట తోకను ఏ పసివాడైనా పలుకుతాడు. కాగితం మీద మాత్రం 'విన్నది తిప్పి పలుకుతున్నాడు' అని, ఆటిజం గుర్తుగా పడుతుంది.

ఆటిజానికి వాడే ఇండియన్ స్కేల్, ఐఎస్ఏఏలో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70కి చేరితే ఆటిజం. అందులో 9 అంశాలు మాట, సంభాషణలవే. ఆ తొమ్మిదింటిలో ఒక్కో మార్కు ఎక్కువ పడితే 62 దగ్గరున్న పిల్లాడు 71కి చేరతాడు. మేధో వైకల్యానికి తల్లిని అడిగి నింపే వైన్‌లాండ్ స్కేలు ఇంకా సున్నితం. సామాజిక వయసును అసలు వయసుతో భాగించి నూటితో గుణిస్తారు. 60 నెలల బిడ్డకు సామాజిక వయసు 42 నెలలొస్తే 70, 41 వస్తే 68. 2018 మార్గదర్శకాల పట్టికలో 70కి 25 శాతం వైకల్యం, 69కి 50 శాతం అని ఉండేది. వైకల్య ధ్రువపత్రంతో లాభాలు దక్కే గీత 40 శాతం. అర్థం కాని ఒడియా ప్రశ్నకు బెరుకుతో తల ఊపిన తల్లి జవాబు ఒకటి రెండు చాలు, బిడ్డ ఆ గీతకు అటో ఇటో పడిపోవడానికి.

ఇందుకు వచ్చే వాదన నాకు తెలుసు. జిల్లాకు సైకాలజిస్టే దొరకని చోట తెలుగొచ్చిన సైకాలజిస్టు ఎక్కడ? రేపు ఆ పిల్లాడు బతకాల్సింది ఒడియాలోనే కదా? చెక్క ముక్కల్ని వాటి గళ్లలో అమర్చమనే, మాటతో పనిలేని ఫారంబోర్డు పరీక్షలున్నాయి కదా? ఫారంబోర్డుకు సూచన చెప్పేదీ మాటతోనే. ఒడియా నేర్పవద్దని ఎవరూ అనడం లేదు, బడిలో నేర్చుకుంటాడు, నేర్చుకోవాలి. ఇక మనుషుల కొరతంటారా, గోవా ప్రయోగం చూపిన దారి అదే కదా: నిపుణుడు లేకపోయినా తల్లి భాష వచ్చిన ఆశా కార్యకర్తకు శిక్షణ ఇస్తే పని సాగుతుంది.

మన దేశంలో పిల్లల ఎదుగుదల లోపాల మీద జరిగిన పెద్ద సర్వే 2018లో వచ్చింది. అయిదు చోట్ల, 3,964 మంది పిల్లలు. ఆ అయిదింటిలో హైదరాబాదు ఉంది, ఒడిశాలోని ఢెంకనాల్ ఉంది. ఒకచోట తెలుగు పిల్లలు, ఇంకోచోట ఒడియా పిల్లలు. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి అయిన మన గజపతి, గంజాం, రాయగడ జిల్లాలు ఆ అయిదింటిలో లేవు. పైగా హైదరాబాదు తెలుగుతో పని గడవదు. "త్వరగా రా" అంటే కదలని గుంటడు "బేగి రా" అంటే పరిగెడతాడు. 'నేను వెళ్తాను' అని రాసిన బొమ్మల కార్డు ముందు 'నానెల్తాను' అన్నవాడికి మార్కు తగ్గించడం విజ్ఞానం కాదు.

ఈ మాట పర్లాకిమిడికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లో పాఠాలు చెబుతూనే సవర గిరిజనుల నోటే సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. పలికే భాషే చదువు భాష కావాలన్న ఆయన పోరాటం ఇక్కడి నేల మీద మొదలైంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు సరిహద్దు గీతకు ఇటు పడిన తెలుగువాళ్లకూ, 1956లో రాజ్యాంగానికి చేర్చిన 350ఏ అధికరణం ప్రాథమిక విద్యలో మాతృభాషను గుర్తించింది. కానీ అది బడి గుమ్మం దగ్గరే ఆగింది. ఆసుపత్రి గదిలోకి, మెడికల్ బోర్డు బల్ల దగ్గరికి రాలేదు. తెలుగు బిడ్డకు అడిగేది సవర బిడ్డకూ అడగాలి. తెలుగులో పరీక్షించి సవర పిల్లాడికి బుద్ధి తక్కువని రాస్తే అదీ ఇంతే అన్యాయం.

పిల్లల ఆరోగ్యం తనిఖీ చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తాయి. వాళ్ల కార్డులో మొదటి గడి 'ఇంటి భాష' కావాలి. దుబాసీ సాయంతో అడిగితే ఆ సంగతి, ఆ దుబాసీ ఎవరో రాయాలి. ఆటిజం మాట ఎత్తే ముందు చెవి పరీక్ష అయిందో లేదో చూడాలి. తల్లిదండ్రులు ఫోన్‌లో మూడు నిమిషాల వీడియోలు రెండు పట్టుకెళ్లాలి, ఒకటి అన్నం తినేటప్పుడు, ఒకటి ఒంటరిగా ఆడేటప్పుడు. ఆధార్‌లోని పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లాడు ఇంట్లో పిలిచే 'నాని' అన్న పిలుపుకు తిరుగుతాడేమో. ఆ పేరు ముందే చెప్పాలి, దాంతోనే పిలవమని అడగాలి. తిరిగాడో లేదో కాగితం మీద ఆ పేరుతో సహా రాయించుకోవాలి.