మహారాజశ్రీ బెడ్ నంబర్ 12 గారికి

బెంగళూరు నుంచి ఒక నర్సింగ్ ట్యూటర్ వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఆ ఉభయుల్లో పేషెంటు లేడని గమనించగలరు.

తమరి పలుకుబడి చూస్తే ముచ్చటేస్తుంది. చింతామణి నుంచో, మదనపల్లె నుంచో బస్సెక్కి వచ్చిన పెద్దాయన అడ్మిషన్ కౌంటర్లో పేరు, ఊరు, వయసు అన్నీ రాయించుకుని వార్డులోకి వస్తాడు. గంట తిరక్కముందే ఆయన తమరైపోతాడు. "ట్వెల్వ్‌కి మోషన్ అయిందా?" "ట్వెల్వ్ వాళ్ల అల్లుడు గొడవ చేస్తున్నాడు సిస్టర్!" రౌండ్స్‌లో తమరే, ల్యాబ్ ఫోన్లో తమరే. అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చి కన్నడ రాక బిక్కమొహం వేసే మా ఫస్ట్ ఇయర్ పిల్లలకి వార్డులో ముందు ఒంటబట్టేదీ తమరే.

క్లాసులో నేను చెప్పేది వేరు లెండి. సరైన పేషెంటు, సరైన మందు, మోతాదు, మార్గం, సమయం, ఇచ్చాకే సంతకం. పేషెంటుని ముందు పెట్టింది ఊరికే కాదు. పూర్తి పేరు, ఆసుపత్రి నంబరు, ఈ రెండూ చేతి పట్టీ మీదా చార్టులోనూ ఒకటేనా అని చూడాలి. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు, పరీక్షలో మార్కులూ తెచ్చుకుంటారు. తీరా వార్డుకెళ్తే ట్రేలో వరసగా లోడ్ చేసిన సిరంజీలు, ఒక్కోదానికీ ప్లాస్టర్ ముక్క, దాని మీద పెన్నుతో ఒక అంకె. మందు పేరు లేదు, డోసు లేదు, ఎవరు లోడ్ చేశారో లేదు. తమరి ముద్ర పడితే ఇక చెల్లుబాటే.

తమరు కదలరు, మనుషులు కదులుతారు. చిక్కంతా అక్కడే. ఒకాయన ఫ్యాన్ కిందికి మారతాడు, ఇంకొకాయన ఛార్జింగ్ పాయింట్ పక్కకి. పేషెంటు స్కానింగ్‌కి వెళ్తే ఆ కాసేపట్లో బావమరిది నడుం వాలుస్తాడు. "నారాయణప్ప గారేనా?" అని అడిగితే నిద్రమత్తులో "ఆఁ" అంటాడు, పాపం చెయ్యి కూడా చాపుతాడు. అందుకే మనం పేరు అందించకూడదు, వాళ్ల చేతే చెప్పించాలి: "నిమ్మ హెసరేను?" (కన్నడలో, మీ పేరేమిటి?) పేరొక్కటీ చాలదు కూడా. కోలారు, చిక్కబళ్లాపురం వైపు జనం వచ్చే వార్డులో ఇద్దరు నారాయణప్పలు లేని రోజుంటుందా?

ఇన్సులిన్ వంటి మందులకి ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూడాలని నియమం. చూస్తారండీ, అన్యాయంగా మాట్లాడకూడదు. మిల్లీలీటరుకి 40 యూనిట్ల వయలా, 100 యూనిట్లదా? 40కి ఎర్ర మూత సిరంజీ, 100కి నారింజ మూతది. రంగు చూస్తారు, గీత చూస్తారు, బుడగలు పోగొడతారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నేరుగా తమరి దగ్గరికే వస్తారు. అంత కచ్చితంగా కొలిచింది వేరేవాళ్ల షుగర్ పడగొట్టడానికి!

పేషెంటుని గుర్తించడానికి కనీసం రెండు గుర్తులు వాడాలనీ, వాటిలో రూమ్ నంబరు ఉండకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. తమరు రూమ్ కాదు, మంచం కాబట్టి అది తమకి వర్తించదనుకున్నారేమో.

రాజీనామా చెయ్యమని అడగడం లేదు. దుప్పట్ల లెక్కకి తమరు కావాలి, చుట్టాలకి దారి చెప్పడానికి కావాలి. మందుల ట్రాలీ వచ్చినప్పుడు మాత్రం దయచేసి ముందుకొచ్చి చెయ్యెత్తకండి.

ఇట్లు,
తమరి వార్డులో పిల్లల్ని తిప్పుతున్న ట్యూటర్

తా.క.: రద్దీ ఎక్కువైందని తమరికీ 13కీ మధ్య రేపు ఎక్స్‌ట్రా మంచం వేస్తున్నారు. 12ఏ అట. అందులోకి వచ్చేదీ నారాయణప్పే.