పది నిమిషాల మెయిల్ ఐడీ: సమాజానికి పొంచి ఉన్న ముప్పు

దేశంలో యువత ఎంత బాధ్యత లేకుండా తయారైందో తెలియాలంటే మా మేనల్లుడిని చూడాలండి. ఇంజనీరింగ్ మూడో ఏడు, వైజాగ్ కొమ్మాదిలో రూమ్. ఏ వెబ్‌సైట్‌లో సైనప్ అవ్వాలన్నా ముందు పక్కన ఇంకో ట్యాబ్ తెరుస్తాడు, పది నిమిషాలే బతికే ఒక మెయిల్ ఐడీ పుట్టిస్తాడు, అందులోకి ఓటీపీ వస్తే అది పట్టుకెళ్ళి ఇక్కడ కొట్టి పని కానిచ్చేసుకుంటాడు, తర్వాత ఆ ఐడీ చావు అది చస్తుంది. పాపం ఆ కంపెనీ వాళ్ళు దసరాకి, సంక్రాంతికి, ఏమీ లేని మంగళవారానికి కూడా ఎంతో ప్రేమగా ఆఫర్లు పంపుతూనే ఉంటారు, తీసుకునే నాథుడు ఉండడు. వీడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైగా నన్ను చూసి జాలి, "నిజం మెయిలిచ్చీసేవేటి మావయ్యా?" అని.

ఇచ్చాను, ఇస్తాను, నాకు కృతజ్ఞత ఉంది. ఎంవీపీ కాలనీలో ఇన్నేళ్ళ నుంచి ఉంటున్నా, నా పుట్టినరోజు ఎప్పుడో మా పక్క ఫ్లాట్ వాళ్ళకి తెలీదు, మా ఆవిడకి సాయంత్రానికి గుర్తొస్తుంది, కానీ ఎప్పుడో ఒక్కసారి సాక్సులు కొన్న కంపెనీ మాత్రం అర్ధరాత్రి పన్నెండు కాగానే కేకు బొమ్మతో సహా శుభాకాంక్షలు చెప్పి పది శాతం తగ్గిస్తుంది. ఓ నెల కొనకపోతే "మిమ్మల్ని చాలా మిస్ అవుతున్నాం" అని ఏడుపు మొహం పంపుతుంది. మా అబ్బాయిది బెంగళూరులో ఉద్యోగం, ఇప్పటిదాకా ఆ ముక్క అన్నది లేదు.

మర్యాద అంటే ఏంటో ద్వారకానగర్‌లో చూశాను మొన్న. బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర నా ముందు ఒక పెద్దాయన, చేతిలో రెండు బనీన్లు. కౌంటర్లో అమ్మాయి ఫోన్ నంబరు అడిగింది, చెప్పారు. మెయిల్ ఐడీ చెప్పండి సార్ అంది. బనీనుకి మెయిలెందుకమ్మా అనలేదాయన, గొంతు సవరించుకుని ఇంటిపేరు నుంచి మొదలెట్టారు, పి ఫర్ పేపర్, బి కాదమ్మా పి, అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో డాట్ ఉంది, ఆఁ చివర 1956, ఎట్ ద రేట్ జీమెయిల్ డాట్ కామ్. ఆ అమ్మాయి మళ్ళీ మొత్తం గట్టిగా చదివి సరేనా అని అడిగింది. లైన్లో ఉన్న మా అందరికీ ఆయన ఇంటిపేరు, పుట్టిన ఏడు, ఫోన్ నంబరు కంఠతా వచ్చేశాయి. దీన్నే పారదర్శకత అంటారు, ఈ కుర్రాళ్ళకి ఎక్కడ అర్థమవుతుంది.

ఇది నిన్న మొన్నటి సంప్రదాయం కూడా కాదు. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థర్క్ అనే ఒక కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ మహానుభావుడు, ఇంటర్నెట్‌కి తాత లాంటి అప్పటి ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి, ఎవరూ అడక్కుండానే, మా కొత్త మెషిన్లు చూద్దురుగాని రండి అని ఒకే మెయిల్ కొట్టించాడు. తిట్లు బాగానే పడ్డాయి. తిట్లకి భయపడి ఆగిపోయి ఉంటే ఈ రోజు మనకి భోగాపురం ఎయిర్‌పోర్ట్ పక్కనే ప్లాట్లు ఉన్నాయని ఎవరు చెప్పేవారు? పక్కనే అంటే, ఆనందపురం నుంచి చీపురుపల్లి దాకా మొత్తం పక్కనే. నేను ఒక లోన్ లెక్క చూసుకుందామని ఒకచోట మెయిల్ ఇచ్చిన పాపానికి, కాదు పుణ్యానికి, ఇప్పుడు సైట్ విజిట్‌కి కారు కూడా పంపిస్తామంటున్నారు.

ఇంత సేవకి విరుద్ధంగా 2003లో మెయిలినేటర్ అని ఒకటొచ్చింది. ఏ పేరు నోటికొస్తే ఆ పేరుతో ఐడీ ఇచ్చెయ్యొచ్చు, రిజిస్ట్రేషన్ లేదు, పాస్‌వర్డ్ లేదు. కాకపోతే ఆ పబ్లిక్ ఇన్‌బాక్స్‌కి తాళమంటూ ఉండదు, అదే పేరు కొట్టిన ఎవడైనా అందులో మెయిల్స్ చదువుకోవచ్చు. ఆ తర్వాత ఇలాంటివి పుట్టగొడుగుల్లా పుట్టాయి. మా మేనల్లుడి రూమ్మేట్ ఒకడు ఇంటర్న్‌షిప్ అప్లికేషన్‌కి కూడా ఇలాంటి ఐడీయే ఇచ్చి, వాళ్ళు పిలిచారో లేదో ఈ జన్మకి తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడు, నాకు ఆనందమేసింది. మావాడు మాత్రం దొంగ, బ్యాంకుకీ రైలు టికెట్టుకీ కాలేజీకీ ఒరిజినల్లే ఇస్తాడు, పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింక్ రావాలిగా. మిగతావాళ్ళకి ఎందుకివ్వవురా అంటే వాడి సమాధానం ఇదీ: "సింహాచలం అప్పన్నే చందనోత్సవం నాడు ఒక్కరోజు నిజరూపం చూపించి మిగతా ఏడాదంతా చందనంలో ఉంటాడు మావయ్యా, పిజ్జా కూపన్‌కి నా నిజరూపం కావాలేటి?" దేవుణ్ణి మధ్యలోకి తెచ్చాక నేనేం మాట్లాడతాను.

మా ఆఫీసులో ఒకాయన ఇంకో రకం. జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట తగిలించినా ఆ మెయిల్ మనకే వస్తుందట, అందుకని, మన ఐడీ ఎవరు బయటికిచ్చారో దొరికిపోతుందని, చెప్పుల షాపుకి ప్లస్ చెప్పులు, జిమ్ముకి ప్లస్ జిమ్ము అని ఇచ్చుకుంటూ పోయాడు. ఓ రోజు ప్లస్ చెప్పులు ఐడీకి ఇన్సూరెన్స్ వాళ్ళ మెయిల్ వచ్చింది. చెప్పులకీ జీవిత బీమాకీ ఏం చుట్టరికమని ఆయన ఆఫీసంతా తిరిగి అడుగుతున్నాడు, రోడ్లు చూస్తే ఆ మాత్రం తెలియదా అండీ. ఇక ఫైర్‌ఫాక్స్ రిలే అనీ, యాపిల్ వాళ్ళ హైడ్ మై ఈమెయిల్ అనీ ఉన్నాయి, ఇవి మరీ ఘోరం, సైటుకో దొంగ ఐడీ తయారుచేసిస్తాయి, మెయిల్స్ మన ఇన్‌బాక్స్‌కే వస్తాయి, విసుగొచ్చిన రోజు ఆ ఒక్క ఐడీని ఆపేస్తే ఆ కంపెనీతో బంధుత్వం ఖతం.

అన్‌సబ్‌స్క్రైబ్ ఉందిగా, ఇవన్నీ ఎందుకు అంటాను నేను. అడుగున, లేత బూడిద రంగులో, కళ్ళజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది. నొక్కితే మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తున్నారని కారణం అడుగుతారు, తర్వాత పది పనిదినాలు పడుతుందంటారు. పంపడానికి క్షణం చాలు, ఆపడానికి మాత్రం ఫైలు కదలాలి. మన 2023 డేటా రక్షణ చట్టంలో, ఒప్పుకోవడం ఎంత తేలికో ఆ ఒప్పుదల వెనక్కి తీసుకోవడం కూడా అంత తేలిగ్గా ఉండాలని రాశారు. గూగుల్, యాహూ కూడా 2024లో, రోజుకి వేలల్లో మెయిల్స్ పంపేవాళ్ళు ఒక్క నొక్కుతో ఆగే ఏర్పాటు పెట్టాల్సిందేనన్నాయి. అందరూ కలిసి ప్రేమని చంపేస్తున్నారు.

సంతోషం ఏంటంటే కంపెనీలు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఈ టెంపరరీ ఐడీల్లో ఎట్ ద రేట్ తర్వాత వచ్చే పేర్ల లిస్టులు దగ్గర పెట్టుకుని, అలాంటి ఐడీ ఇస్తే ఎర్ర అక్షరాలతో "దయచేసి మీ నిజమైన ఈమెయిల్ ఇవ్వండి" అంటున్నాయి. న్యాయమే కదా, సంబంధం అన్నాక రెండువైపులా నిజాయితీ ఉండాలి. మొన్న అలాంటి ఒక కంపెనీ నుంచే నాకు రావలసిన రీఫండ్ గురించి మెయిలొస్తే, చిన్న డౌటుండి ఎంతో మర్యాదగా రిప్లై కొట్టాను. క్షణంలో జవాబొచ్చింది, ఈ ఐడీని ఎవరూ చూడరు, దీనికి రాయకండి అని. తీరా చూస్తే పంపినవాళ్ళ ఐడీయే నో రిప్లై. మీ ఇబ్బంది ఏదైనా ఉంటే మా సైట్‌లో కొత్తగా సైనప్ అయ్యి కంప్లెయింట్ పెట్టుకోమన్నారు. వెళ్ళాను. మెయిల్ ఐడీ పక్కన ఎర్ర చుక్క, తప్పనిసరి అట.