కదలని సైకిలుకు కావలసిన అర్హతలు

మనిషి సైకిలు కనిపెట్టింది ఒకచోటి నుంచి మరోచోటికి పోవడానికి. గంటసేపు తొక్కినా అదే సైకిలు అంగుళం కదలకుండా పట్టి ఉంచే యంత్రం తయారవడానికి మరికొంత నాగరికత అవసరమైంది. గానుగెద్దు కష్టానికి కనీసం నూనె వస్తుంది. ఇండోర్ ట్రైనర్ మీద వచ్చేది చెమటే. అందుకని దీన్ని ఎంచుకునేవారు ఫలితం సంగతి పక్కనపెట్టి గొప్పతనం చూడటం న్యాయం.

గొప్పతనమంతా పెట్టె మీదే ఉంటుంది: 2,200 వాట్ల సామర్థ్యం, 20 శాతం వాలున్న కొండ ఎక్కుడు. క్రమం తప్పక తొక్కే మామూలు మనిషి గంటపాటు నిలబెట్టగలిగేది ఏ 200 వాట్లో. మిగిలిన రెండు వేలూ ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పుకోవడానికి. ఇక ఆ 20 శాతం కొండ కోసం అదనంగా డబ్బు పోసినవారు తెర మీద ఊహా రోడ్లు చూపించే జ్విఫ్ట్ యాప్‌లో ‘ట్రైనర్ డిఫికల్టీ’ మీట ఎక్కడుందో చూడకపోవడమే ఆరోగ్యకరం. అది మొదటినుంచీ సగంలోనే ఉంటుంది. తెర మీది 10 శాతం ఎక్కుడు కాళ్లకు 5 శాతంలా తగులుతుంది.

ఇంత ఘనమైన అంకెలు చూశాక, సైకిలు వెనక ఇరుసు కొలత లాంటి నీచమైన ప్రశ్నలు ఎవరడుగుతారు? అడగరు. పెట్టె విప్పాకే తెలుస్తుంది, తమది మీట తిప్పి విప్పే సన్నటి కడ్డీ (క్విక్ రిలీజ్) 130 లేదా 135 మిల్లీమీటర్లా, మరలా బిగించే లావుపాటి ఇరుసు (త్రూ యాక్సిల్) 12×142 లేదా 12×148 ఆ అని. సరిపడే అడాప్టర్ పెట్టెలో లేకపోతే, ఆ వారం మొత్తం యంత్రమూ మనిషీ ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు చూసుకోవాలి.

డైరెక్ట్ డ్రైవ్ రకమైతే వెనక చక్రం తీసేసి గొలుసును నేరుగా ట్రైనర్‌కే తగిలిస్తాం. క్యాసెట్, అంటే వెనక పళ్లచక్రాల గుత్తి, చాలావాటితో రాదు. విడిగా కొనాలి, సైకిలుకు వెనక ఎన్ని గేర్లో అన్నే పళ్లచక్రాలుండాలి, క్యాసెట్ ఎక్కే ట్రైనర్ గొట్టం, అంటే ఫ్రీహబ్, దానికి నప్పాలి. 11 గేర్ల ఫ్రీహబ్ మీద 8, 9 గేర్ల క్యాసెట్ వేస్తే వెనక 1.8 మి.మీ. మందం రింగు (స్పేసర్) పడాలి. అది మరిస్తే పైన బిగించే లాక్‌రింగ్ చివరంటా బిగిసినా క్యాసెట్ లొడలొడలాడుతుంది, తప్పంతా గేర్లు మార్చే డీరైలర్ మీదికి పోతుంది. లాక్‌రింగ్ బిగింపు 40 న్యూటన్ మీటర్లు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్నవారు చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టాలి. లేదంటే ఇంట్లో పిల్లలు లివర్ నొక్కుతారు. నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చేస్తాయి, చక్రం మళ్లీ దూరదు.

చక్రం తీయడం ఇష్టం లేనివారికి, వెనక టైరుకు రోలర్ నొక్కుకునే వీల్-ఆన్ రకం ఉంది. ఇది టైరును తింటుంది. గుబ్బల టైరుతో తొక్కితే ఇల్లంతా పిండిమర అవుతుంది, కాబట్టి నున్నటి టైరు తప్పదు. గాలి ప్రతిసారీ ఒకే ఒత్తిడిలో, రోలర్ నొక్కుడు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. అందులో తేడా వస్తే వాట్ల లెక్కలోనూ తేడా వస్తుంది. అయినా టైరు గాలి చూసుకోకుండా, పది నిమిషాలు వేడెక్కించి స్పిన్‌డౌన్ (తొక్కడం ఆపాక చక్రం నెమ్మదించే తీరుతో వాట్ల లెక్క సరిచూసుకోవడం) చేయకుండా, ‘నా బలం ఈ వారం 12 వాట్లు పెరిగింది’ అని ప్రకటించే స్వేచ్ఛ అందరికీ ఉంది. తొక్కాక రోలర్‌ను వదులు చేయకపోతే టైరుకు ఆ చోట నొక్కు పడుతుంది. చక్రాన్ని పట్టి ఉంచే మెరిసే అల్యూమినియం కడ్డీ (స్క్యూవర్) తీసి, ట్రైనర్‌తో వచ్చిన ఉక్కుది వేయడం అందానికి భంగమే, కానీ బిగింపు తట్టుకునేది అదే.

సైకిలును ఏదీ పట్టి ఉంచని, దొర్లే మూడు డ్రమ్ముల రోలర్లు ఇంట్లో కూడా పడిపోవాలని కోరుకునే ఆత్మాభిమానుల కోసం. వాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గోడను గుద్దుతామన్న భయం అనవసరం, వేగమంతా చక్రాలదే, బండిది కాదు. పడటం పక్కకే.

యాప్ చెప్పినట్టు బరువు మార్చుకునే స్మార్ట్ ట్రైనర్‌లో ఎర్గ్ మోడ్ అనే క్రమశిక్షణ ఉంటుంది. 200 వాట్లు అని చెబితే 200 వసూలు చేస్తుంది. అలసి, నిమిషానికి 90 తిప్పుళ్ల నుంచి 60కి పడ్డారనుకోండి, అదే వాట్లకు పెడల్ మీద బలం ఒకటిన్నర రెట్లు కావాలి. బరువెక్కేసరికి వేగం ఇంకా పడుతుంది, పడేసరికి ఇంకా బరువెక్కుతుంది, కాసేపటికి పెడల్ బిగుసుకుపోతుంది. గేరు మార్చి తప్పించుకుందామంటే కుదరదు, వాట్లు అవే. ఎర్గ్ ఆపేసి, కాళ్లు ఊపందుకున్నాక మళ్లీ వేసుకోవడమే మార్గం. ఫోను బ్లూటూత్‌లో ట్రైనర్‌ను ముందే పట్టేసుకుని ఉంటే ల్యాప్‌టాప్‌కు అది కనబడకపోవచ్చన్నది ఇంకో సంగతి.

ఇన్నీ కొన్నవారు ఫ్యాన్ దగ్గర పొదుపు చేస్తారు. పెడల్ మీద 200 వాట్లు పడాలంటే ఒళ్లు 600 నుంచి 800 వాట్ల వేడి పుట్టిస్తుంది. తెర మీద సముద్రపు ఒడ్డున తొక్కుతున్నా అక్కడి గాలి గదిలోకి రాదు. చెమట హ్యాండిల్ టేపు కిందా, హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ బోల్టుల్లోకీ దిగి తుప్పు మొదలెడుతుంది, అందుకే తువ్వాలు ముందు హ్యాండిల్‌కు, ఆ తర్వాతే మొహానికి. కింద మందపాటి మ్యాట్ పరిస్తే అదురు పూర్తిగా పోదు గానీ కింది అంతస్తువారి ఓపిక కొంచెం పెరుగుతుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఫ్రీహబ్ పట్టుకుని ఊపి చూడాలి, చేత్తో తిప్పి బేరింగ్ గరగర వినాలి, అడాప్టర్లన్నీ, పవర్ అడాప్టర్ సహా, లెక్క చూసుకోవాలి. ‘కొద్దిగానే వాడాం’ అన్నమాట ఈ ఒక్క వస్తువు అమ్మకంలో నూటికి నూరుపాళ్లు నిజం. ఫ్లైవీల్ (ట్రైనర్‌లోని బరువైన తిరుగుడు చక్రం) మీద బట్టలు ఆరేసిన మరక కనిపిస్తే బేరం ఆడకుండా తీసుకోండి. లోపలి బెల్టు కొత్తదే.