మా బావ గెలిచిన ప్రపంచ యుద్ధం

మొన్న తణుకులో మా బాబాయి కూతురి పెళ్లిలో, రెండో బంతిలో, గుత్తి వంకాయ వడ్డిస్తుండగా మా బావ రెండో ప్రపంచ యుద్ధం గెలిచాడు.

డల్లాస్ నుంచి ముందురోజు రాత్రే దిగాడు. పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరో ఉక్రెయిన్ ప్రస్తావన తెచ్చారు, అంతే. "అసలు మేము లేకపోతే ఇవాళ ప్రపంచమంతా జర్మన్ మాట్లాడేదండీ" అన్నాడు, నెయ్యి ఇంకాస్త వెయ్యమని వేలితో సైగ చేస్తూ. మేము! పదకొండేళ్లుగా గ్రీన్ కార్డు లైన్లో నిలబడ్డ మనిషి, వీసా పొడిగింపు అంటే నెలరోజుల ముందు నుంచే టెన్షన్‌తో నిద్రపోని మనిషి. అక్కడ ఓటు లేదు కానీ ఫ్రాన్స్ తీరాన నార్మండీలో జరిగిన పోరులో మాత్రం వాటా ఉంది.

తెలుగువాడిగా నాకిదే ఒళ్లు మండింది. ఇంగ్లీషువాడికి 'వుయ్' అని ఒకటే ముక్క, పాపం, వాడికి తేడా తెలియదు. మనకి మేము వేరు, మనం వేరు. మేము అన్నామంటే ఎదుటివాడు లెక్కలో లేడని ముందే చెప్పేసినట్టు. ఈ యుద్ధం గెలిచిన దేశాలన్నీ ఎనభై ఏళ్లుగా మాట్లాడుతున్నది ఈ మేము భాషే.

సరే, బావ నార్మండీయే తీసుకుందాం. హిట్లర్ చేతిలో ఉన్న ఫ్రాన్స్‌ని విడిపించడానికి 1944 జూన్ 6న మిత్రదేశాల సైనికులు అక్కడ ఐదు తీరాల్లో దిగారు. అందులో అమెరికా వంతు రెండు. బ్రిటన్‌వి రెండు, కెనడాది ఒకటి. ఆ రోజు దిగినవాళ్లలో బ్రిటన్, కెనడా సైనికుల్ని కలిపితే అమెరికన్ల కంటే ఎక్కువే. ఇదే చెబితే "కెనడా కూడా ఉందా?" అన్నాడు. అక్కడ పీఆర్, అంటే శాశ్వత నివాసం, త్వరగా వస్తుందన్నంతవరకే ఆయనకి కెనడా తెలుసు.

బావ ఒక్కడే కాదు లెండి. యుద్ధం ముగిసిన 1945లో, హిట్లర్ ఓటమికి ఎక్కువ పాటుపడిందెవరని ఫ్రాన్స్‌లో సర్వే చేస్తే 57 శాతం సోవియట్ యూనియన్ అన్నారు, 20 శాతం అమెరికా అన్నారు. 2004లో అదే ప్రశ్న అడిగితే అమెరికాకి 58, సోవియట్‌కి 20. తూర్పున చచ్చిన జర్మన్ సైనికులు ఈ మధ్యలో లేచొచ్చి పడమర మళ్లీ చచ్చారేమో మరి.

నా కళ్లకి ఈ గెలుపు అచ్చం ఆ పెళ్లి భోజనంలాగే కనిపిస్తుంది. అంతా అయ్యాక ఫోటోగ్రాఫర్ వచ్చి "వంట ఎవరిదండీ, ఒక ఫోటో" అంటాడు. అందరూ తలో గరిటె పట్టుకుని పరిగెత్తుకొస్తారు. సోవియట్ యూనియన్ చేతులు బొబ్బలెక్కి ఉంటాయి, నిజమే, నాలుగేళ్లు పొయ్యి దగ్గరున్నది అదే, 2 కోట్ల 70 లక్షల మంది పోయారు, ఆ సంఖ్య ముందు ఎవడైనా నోరు మూసుకోవాల్సిందే. కానీ ఆ పొయ్యి దగ్గరికి సరుకు మోసిన 4 లక్షల ట్రక్కులూ జీపులూ, కోటిన్నర జతల బూట్లూ అమెరికా పంపినవని అడిగితే మాత్రం చెవుడు. 1939 ఆగస్టులో హిట్లర్‌తో ఒప్పందం చేసుకుని, పోలెండ్‌ని చెరిసగం పంచుకుని, 1941 జూన్ 22 తెల్లవారే దాకా ధాన్యమూ చమురూ పంపింది కూడా వీళ్లే. అందుకే వాళ్ల పుస్తకాల్లో ఆ మహాయుద్ధం 1941లో మొదలవుతుంది. ముందు రెండేళ్లు పొయ్యి ఎవరింట్లో వెలిగిందో అడక్కూడదు.

ఫ్రాన్స్ ఆఖరి నిమిషంలో ఇస్త్రీ బట్టలతో వచ్చి సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. 1944 ఆగస్టు 25న ఫ్రెంచి నాయకుడు డిగాల్ గారు, పారిస్ తనని తానే విడిపించుకుందని ప్రకటించారు. ముందురోజు రాత్రి ఊళ్లోకి మొదట వచ్చిన కంపెనీలో ఎక్కువమంది స్పెయిన్ వాళ్లు, వాళ్లెక్కి వచ్చిన బండ్లు అమెరికావి. పోలెండ్ అయితే జర్మన్లు రహస్య సందేశాలకి వాడే ఎనిగ్మా యంత్రం గుట్టు 1932లోనే విప్పి, 1939 జులైలో బ్రిటన్, ఫ్రాన్స్ చేతుల్లో పెట్టింది. 1946లో లండన్‌లో విజయోత్సవ కవాతు జరిగితే, బ్రిటన్ పక్కన నిలబడి పోరాడిన ఆ పోలిష్ సైన్యం అందులో నడవలేదు, స్టాలిన్ ఏమనుకుంటాడోనని. ఇక చైనా. 1937 నుంచీ జపాన్‌తో పోరాడుతూ దొడ్లో గంగాళాలు తోముతూనే ఉంది, కోటిమందికి పైగా పోయారు, ఫోటోలో మోచెయ్యి మాత్రం పడింది.

బ్రిటన్ సంగతి వేరు. బ్రిటన్ పెద్దమనిషి, గరిటె పట్టుకోడు. ఓ పక్కన నిలబడి మెల్లిగా అంటాడు: "1940లో మేము ఒంటరిగా నిలబడ్డాం." ఒంటరిగా! కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఇండియా వెనకాల ఉండగా ఒంటరి. పనివాళ్లని లెక్కపెట్టని ఇంట్లో యజమాని ఎప్పుడూ ఒంటరివాడే మరి.

ఆ పనివాళ్లలో మనమూ ఉన్నాం. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో, ఇండియా కూడా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు, ఇక్కడి నాయకుల్లో ఒక్కడినీ అడక్కుండా. మర్నాడే జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ మొదటి బాంబు దాడి చేస్తే, ముందు వెళ్లిన విమానాలు 110వ స్క్వాడ్రన్‌వి. దాని పేరేమిటనుకున్నారు, హైదరాబాద్ స్క్వాడ్రన్. అంతకుముందు యుద్ధంలో నిజాం డబ్బిచ్చి విమానాలు కొనిపెట్టినందుకు వచ్చిన పేరది. ఆ లెక్కన బోణీ మాదే అని పాతబస్తీలో ఎవరైనా అంటే నేను కాదనను.

ఆ తర్వాత 25 లక్షల మంది సైన్యం. ఆఫ్రికా ఎడారి, ఇటలీలో కసీనో కొండ, బర్మా అడవి. 1944లో ఇప్పటి నాగాలాండ్‌లోని కొహిమాలో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు అటు గట్టున జపాన్, ఇటు గట్టున మనవైపువాళ్లు, మధ్యలో దొర ఆడుకున్న చదును నేల, దాని మీదుగా బంతుల బదులు గ్రెనేడ్లు. దాదాపు 87 వేల మంది భారత సైనికులు ఈ యుద్ధంలో పోయారు. బావది వైజాగ్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. సొంత ఊళ్లో పడ్డ బాంబు తెలియదు, నార్మండీలో అమెరికన్లు దిగిన ఒమాహా బీచ్ మాత్రం తన పెరడన్నట్టు చెబుతాడు.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. బెంగాల్ దగ్గర నా వల్ల కాదు. జపాన్ వాడు వస్తాడేమో, వస్తే వాడికి దొరక్కూడదని 1942లో తీరప్రాంతం నుంచి బియ్యం తరలించారు, పదిమంది పట్టే పడవలన్నీ లాక్కున్నారు. పడవ లేకపోతే చేప లేదు, సంత లేదు, నది మధ్య లంకలో పొలానికి దారి లేదు. వాడు రాలేదు. కరువొచ్చింది. 1943లో మొదలైన ఆ కరువులో దాదాపు 30 లక్షల మంది పోయారు, బాంబు పడి కాదు, అన్నం లేక, కలకత్తా వీధుల్లో గంజి అడుక్కుంటూ, హోటళ్ల గుమ్మాల ముందు. మరుసటి ఏడాది వైస్రాయ్ వేవెల్ ఇంకా తిండిగింజల కోసం లండన్‌ని బతిమాలుతుంటే బ్రిటన్ ప్రధాని చర్చిల్ పంపిన తంతిలో ఏముంది? గాంధీ ఇంకా ఎందుకు చావలేదని. వేవెల్ స్వయంగా డైరీలో రాసుకున్న మాట ఇది. ఆ 30 లక్షల మంది ఎవరి త్యాగం కిందికొస్తారు బాబూ? ఏ స్తూపం మీద చెక్కారు? వాళ్లని మేము అన్నవాడు లేడు, మనం అన్నవాడూ లేడు, సిగ్గులేని లెక్కలు.

ఇదంతా బావకి చెప్పాను. అప్పడం నములుతూ విన్నాడు. "నీకు ఖాళీ ఎక్కువ బామ్మర్దీ" అన్నాడు. ఈలోగా మూడో బంతి వాళ్లు వచ్చి మా కుర్చీల వెనక నిలబడ్డారు, లేవక తప్పలేదు.

చేతులు కడుక్కునే దగ్గర పెళ్లికొడుకు తరఫు పెద్దాయన ఒకరు, వంటలు చాలా బాగున్నాయండీ అన్నారు. బావ జేబురుమాలు తీసి చేతులు తుడుచుకుంటూ, "మేమే దగ్గరుండి చేయించామండీ" అన్నాడు.