అడుగు కనబడే నీళ్ళతో అనర్థాలు

నీళ్ళకి అడుగు కనబడటం మంచి లక్షణం కాదన్నది నా నిశ్చితాభిప్రాయం. గోదావరి గట్టున పుట్టి, హైదరాబాదు బోరు నీళ్ళతో తల నెరిసినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నోరు విప్పే అర్హత ఆమాత్రం నాకుందనుకుంటాను. కిందటి వేసవిలో మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని పిలిపించుకుని, నీళ్ళు అద్దంలా ఉండే చోట్లు వెతికి మరీ తిప్పారు. పిల్లలు పాపం ప్రేమతోనే చేశారు. కానీ చూసొచ్చాక నోరు మూసుకుని కూర్చుంటే సాటి తెలుగువారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఐరోపా తిరగడానికని షెంగెన్ వీసాకి మనిషికి 90 యూరోలు కట్టబోతున్న పెద్దలందరి మేలు కోరి ఇది రాస్తున్నాను.

మొదటి అనర్థం ఆధ్యాత్మికమైనది. రైలు రాజమండ్రి దగ్గర బ్రిడ్జి ఎక్కగానే పెట్టెలో సగం మంది చేతులు జేబుల్లోకి, కొంగు ముడుల్లోకి పోతాయి. కిటికీ ఊచల మధ్య నుంచి చిల్లర గోదావరిలో పడుతుంది. చప్పుడు వినబడదు, బిళ్ళ కనబడదు, పుణ్యం ఖాతాలో జమ. గోదావరి ఎంత పెద్దమనిషంటే, మనం వేసింది రూపాయా, చెల్లని పావలానా అన్న సంగతి ఈనాటి వరకూ ఎవరికీ చెప్పలేదు.

క్రొయేషియాలో ప్లిట్విట్సె సరస్సులున్నాయి. మొత్తం పదహారు, మెట్లు మెట్లుగా ఒకదాంట్లోంచి ఒకటి దిగుతూ ఉంటాయి. 1949 నుంచి జాతీయ పార్కు, 1979 నుంచి యునెస్కో వారసత్వ సంపద. నీళ్ళ మీదుగా చెక్కబాట వేశారు. వేసవిలో టిక్కెట్టు మనిషికి 40 యూరోలు. నలుగురికి ఎంతవుతుందో రూపాయల్లోకి మార్చుకుని మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనంలోనే హ్యాండ్‌బ్యాగులోంచి ఐదు రూపాయల బిళ్ళ తీసింది, కళ్ళకద్దుకుంది, చెక్కబాట అంచు నుంచి జారవిడిచింది.

బిళ్ళ మునగడం కనబడింది. పల్టీలు కొడుతూ, ఆకు రాలినట్టు తాపీగా దిగింది. దిగి, అడుగున తెల్లటి మన్ను మీద మొహం పైకి పెట్టుకుని కూర్చుంది. పసుపుపచ్చ బిళ్ళ, పైన మిట్టమధ్యాహ్నపు ఎండ. మూడు సింహాలూ మమ్మల్నే చూస్తున్నాయి. ఒక చేప వచ్చి వాసన చూసి, ఇది తినేది కాదని తోక తిప్పుకుని పోయింది. వెనకాల నడిచొస్తున్న తెల్ల పెద్దావిడ ఆగి, నీళ్ళలోకి ఒకసారి, మా ఆవిడ బొట్టు వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏమైనా అన్నా బాగుండేది.

"అత్తయ్యా, ఇక్కడ నీళ్ళలో ఏమీ వెయ్యకూడదండీ," అన్నాడు అల్లుడు, పెదాలు కదపకుండా.

"నీళ్ళలో ఎక్కడ వేశాను బాబూ, గంగమ్మకి వేశాను," అంది మా ఆవిడ.

"అందరికీ కనబడుతోందమ్మా!" అని అమ్మాయి గోల.

అదీ సమస్య. మన నదుల్లో వేసింది దేవుడికి చేరుతుంది. అక్కడ వేసింది అక్కడే ఉంటుంది, కోర్టులో పెట్టిన సాక్ష్యంలాగ.

పోనీ దిగి మూడు మునకలు వేసి ప్రాయశ్చిత్తం చేసుకుందామా అంటే, ఈత నిషేధం. ఎందుకయ్యా అని అడిగితే అల్లుడు శాస్త్రం విప్పాడు. సున్నపురాయి కొండల్లోంచి వచ్చే నీళ్ళు ఆ సున్నాన్ని కరిగించుకుని వస్తాయట. జలపాతం దగ్గర చిందినప్పుడు నీళ్ళలో ఉన్న కార్బన్ డయాక్సైడు ఎగిరిపోయి, కరిగిన సున్నం మళ్ళీ నాచు మీద, పడిపోయిన కొమ్మల మీద పొరలు పొరలుగా పేరుకుంటుందట. అలా పేరుకున్నవే గట్లు, గట్ల వెనక నిలిచినవే సరస్సులు. గట్టు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. నీళ్ళలో మలినం ఎక్కువైతే సున్నం పేరుకోవడం ఆగిపోతుంది. అంటే మన ఒంటి మీది కొబ్బరినూనె ఒక సరస్సునే ఆపేయగలదు.

శ్రద్ధగా విన్న మా ఆవిడ, "మన గీజరులో పట్టే తెల్ల పెచ్చు ఇదేగా," అంది. అల్లుడు కాసేపు ఆలోచించి, రసాయనం ప్రకారం చూస్తే అదేనని ఒప్పుకున్నాడు. మా అపార్టుమెంటులో షవరు చిల్లుల్లో, కుళాయి మూతికి, నీళ్ళు కాచే గిన్నె అడుగున ఇరవై ఏళ్ళుగా పడుతున్నది ఇదే సరుకు. టిక్కెట్టు పెట్టి చూపించాల్సినదాన్ని మేము నిమ్మచెక్క పెట్టి తోమి పారేశాం. యునెస్కోవారు క్షమించాలి.

అల్లుడి దగ్గర ఎక్సెల్ షీటు ఉంది. సాఫ్ట్‌వేరువాడు కదా, విహారానికీ షీటే. ఐరోపాలో తేటనీళ్ళ చోట్లన్నీ వరసగా, దూరమెంత, ఖర్చెంత, చివరి గడిలో "దిగవచ్చా?" అని. ఆ చివరి గడులు చదువుతుంటే గర్భగుడి ముందు నిలబడ్డట్టు అనిపించింది. అదే క్రొయేషియాలో క్ర్కా జలపాతాల దగ్గర జనం కేరింతలు కొడుతున్న ఫోటోలు చూసి సంబరపడ్డాను. అవన్నీ పాతవట, 2021 జనవరి నుంచి ఆ పెద్ద జలపాతం దగ్గర ఈత బంద్. ఇటలీవారి సార్డీనియా దీవి పక్కన బుదెల్లి అనే చిన్న దీవిలో గులాబీరంగు ఇసుక తీరం ఉంది. 1994 నుంచి దాని మీద కాలే పెట్టనివ్వరు. దూరం నుంచి చూసి దణ్ణం పెట్టుకోవడమే. సార్డీనియాలోనే లా పెలోసా తీరానికి వేసవిలో రోజుకి 1500 మందినే రానిస్తారు. ముందే బుక్ చేసుకుని, డబ్బు కట్టి, చేతికి పట్టీ వేయించుకుని వెళ్ళినా, తువ్వాలు నేరుగా ఇసుక మీద పరవకూడదు. తడి తువ్వాలుకి ఇసుక అంటుకుపోతుందని. కింద చాప వెయ్యాలి. చాప విలువ తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇంకా మిగిలారని ఇక్కడొక్కచోట మాత్రం నా మనసు చల్లబడింది.

సార్డీనియా నుంచి ఇసుక పట్టుకుపోతే 500 నుంచి 3000 యూరోల దాకా జరిమానా. 2019లో ఒక ఫ్రెంచి జంట సీసాల్లో నింపిన ఇసుకతో పట్టుబడింది, మొత్తం 40 కిలోలు. పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. మన ర్యాంపుల దగ్గర లారీ కడిగితే టైర్ల నుంచి రాలే ఇసుక అంతకన్నా ఎక్కువుంటుంది. అయినా మనం ఏనాడైనా అరిచామా?

ఫ్రాన్సులో మార్సెయ్ పక్కన కొండల మధ్య సుజితోన్ అనే చిన్న తీరం ఉంది. 2022 నుంచి వేసవి రద్దీ రోజుల్లో రోజుకి 400 మందికే అనుమతి. అంతకుముందు వేల మంది వచ్చి తొక్కేసేవారట. చెట్ల వేళ్ళు బయటపడి, మట్టి జారిపోతోందని ఆపారు. అక్కడి జాతీయ పార్కువారు ఇంకొక పని కూడా చేశారు. తమ చోటు గురించి తామే వ్యతిరేక ప్రచారం మొదలెట్టారు. కిక్కిరిసిన జనం ఫోటోలు పెట్టి, వచ్చేవాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం. ఇష్టంలేని సంబంధం వచ్చినప్పుడు మా మేనత్త సరిగ్గా ఇదే చేసేది. "పిల్ల బంగారమే గానీ కోపం కాస్త ఎక్కువ, వంట రాదు" అని కాఫీ ఇస్తూనే మాట జారవిడిచేది. ఆవిడ ఇప్పుడుంటే ఫ్రాన్సులో మంచి జీతం వచ్చేది.

పేర్ల సంగతి వేరే చెప్పాలి. అల్బేనియాలో క్సామిల్ ఊరు "ఐరోపా మాల్దీవులు". ఇటలీ మడమ మీద పెస్కోలూసె తీరం "సాలెంతో మాల్దీవులు". స్విట్జర్లాండులో వెర్జాస్కా అనే కొండవాగు 2017లో ఎవరో పెట్టిన వీడియో పుణ్యమా అని "మిలాను మాల్దీవులు" అయిపోయి, ఆ సన్నటి లోయ కార్లతో నిండిపోయింది. అంత తేటనీళ్ళు కాళ్ళ దగ్గర పెట్టుకుని, అందులో తమ మొహం చూసుకోకుండా పక్కింటివాడి పేరు పెట్టుకోవడమేమిటి? అరకుని ఆంధ్రా ఊటీ, లంబసింగిని ఆంధ్రా కాశ్మీరు అనేది మనమే కదా అని మీరంటారు. మనం అన్నది చలి గురించి. చలికి అడుగు కనబడదు, అందుకని తేడా ఎవరూ పట్టుకోలేదు.

మధ్యలో ఒక మంచి మాట చెప్పకపోతే పక్షపాతం అంటారు. జర్మనీ ఆల్ప్స్‌లో క్యోనిగ్‌జే సరస్సు నాకు నచ్చింది. 1909 నుంచి అక్కడ కరెంటు బ్యాటరీ పడవలే. పొగా లేదు, చప్పుడూ లేదు. సగం దూరం వెళ్ళాక పడవవాడు ఇంజను ఆపి, బాకా తీసి కొండ కేసి ఊదాడు. అతను నాలుగు స్వరాలు ఊదితే కొండ నాలుగూ తిరిగి ఇచ్చింది. తరవాత టోపీ పట్టుకుని చిల్లరకి వచ్చాడు. ఇద్దరు వాయించారు కాబట్టి ఇద్దరికీ ఇవ్వాలని మా ఆవిడ రెండు నాణేలు వేసింది. ఈసారి టోపీలో వేసింది, నీళ్ళలో కాదు. అల్లుడు ఊపిరి పీల్చుకున్నాడు.

ఇక అసలు మోసం. ఫ్రాన్సులోనే ఆనెసీ సరస్సుకి ఐరోపాలో బహు శుభ్రమైనదని పేరు. మంచుకొండలు ఇచ్చిన వరం కాబోలు అనుకున్నాను. విచారిస్తే వరమూ లేదు, ఏమీ లేదు. డెబ్బై ఎనభై ఏళ్ళ కిందట చుట్టూ ఉన్న ఊళ్ళ మురుగంతా అందులోకే పోయేది. నీళ్ళు చెడి చేపలకి ముప్పు వచ్చేసరికి స్థానికంగా ఒక డాక్టరు పట్టుబట్టి పోరితే, 1957లో ఒడ్డున ఉన్న మునిసిపాలిటీలు ఒక సంఘంగా చేరాయి. 1960లలో, 70లలో సరస్సు చుట్టూ మురుగు పైపు వేసి, చుక్క లోపల పడకుండా శుద్ధి ప్లాంటుకి మళ్ళించారు. అదీ గుట్టు. ఆ నీలిరంగుకి కారణం భూమిలో ఉన్న డ్రైనేజీ గొట్టం! అన్ని లక్షల సెల్ఫీల్లో ఒక్కదాంట్లోనైనా అది కనబడుతుందా?

పాలనాపరంగా ఇది చాలా తప్పుడు పద్ధతి. పాతిపెట్టిన గొట్టానికి శిలాఫలకం ఎక్కడ పెడతారు? రిబ్బను ఎక్కడ కత్తిరిస్తారు? పైగా ఒక మునిసిపాలిటీ మొదలెట్టింది ఇంకొకటి పూర్తి చెయ్యాలట. మన పద్ధతిలో ముందు గట్టు మీద రంగు లైట్లు వేస్తాం, తరవాత సంగీతానికి ఎగిరే ఫౌంటెన్ పెడతాం. మురుగు దాని దారిన అది వస్తూనే ఉంటుంది, కానీ పాటకి తగ్గట్టు ఎగురుతుంది.

మా అమ్మ వరదల్లో గోదావరి ఎర్రనీరు బిందెలోకి తెచ్చి, ఇండుపగింజ రాతి మీద అరగదీసి కలిపేది. తెల్లారేసరికి మట్టి అడుగుకి చేరి నీళ్ళు తేరుకునేవి. పైనీళ్ళు కదలకుండా వంచుకోవడం ఒక విద్య, నాకు చివరిదాకా పట్టుబడలేదు. బిందెకి ఒక గింజ, రోజూ. ఆ బిందె చూడటానికి పర్యాటకులెవరూ రాలేదు.

అయితే తేటదనం మరీ ముదిరితే ఏమవుతుందో జర్మనీ, స్విట్జర్లాండు, ఆస్ట్రియాల మధ్య ఉన్న కాన్‌స్టెన్స్ సరస్సు చెబుతుంది. ఆనెసీలాగే అక్కడా మురుగుని శుద్ధి చేశారు. 1980 ప్రాంతంలో ఉన్న ఫాస్ఫరసు ఇప్పుడు పదో వంతుకి పడిపోయింది. చుట్టుపక్కల లక్షల మంది తాగే నీళ్ళు కూడా అవే. అంతా సంతోషించారు, జాలరులు తప్ప. ఫాస్ఫరసు లేకపోతే నాచు లేదు, నాచు లేకపోతే దాన్ని తినే పురుగు లేదు, పురుగు లేకపోతే చేప ఎదగదు. "నీళ్ళు మరీ శుభ్రమైపోయాయి, కాస్త ఫాస్ఫరసు ఉండనివ్వండి" అని వాళ్ళు ఏళ్ళ తరబడి మొర పెట్టుకున్నారు. దానికి తోడు బయటి నుంచి వలస వచ్చిన ఆల్చిప్పలు మిగిలిన కాస్త మేతనీ వడకట్టేస్తున్నాయి. చివరికి అక్కడి పేరున్న చేప ఫెల్షెన్‌ని పట్టడం 2024 నుంచి మూడేళ్ళు నిషేధించారు. మధ్యధరా సముద్రం అంత నీలంగా ఉండేదీ చాలావరకు ఇందుకే, నీళ్ళలో మేత తక్కువ. ఆ నీలం ఆకలి రంగు.

ఇది విన్న క్షణంలో నా వాదానికి ప్రాణం లేచొచ్చింది. ఆషాఢం వెళ్ళి గోదావరికి ఎర్రనీరు దిగగానే సముద్రం నుంచి పులస ఎదురీదుకుంటూ వస్తుంది. చెయ్యి పెడితే చెయ్యి కనబడని ఆ నీళ్ళలోంచి వచ్చిన చేపకి గట్టు మీదే వేలల్లో వేలంపాట. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. ఫెల్షెన్ కోసం ఏ జర్మనూ అలాంటి మాట అన్నట్టు నేను వినలేదు. ఆ పులస కూడా ఏటేటా అరుదైపోతోందన్న సంగతి ఇక్కడ ఎత్తను, వాదం బలహీనపడుతుంది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి సూట్‌కేసులు తూకం వేస్తుండగా మా ఆవిడ ఉన్నట్టుండి, "బాబూ, ఆ కొమ్మల మీద పట్టే సున్నం బిళ్ళ మీద కూడా పడుతుందా?" అంది.

ఏ బిళ్ళ అని అల్లుడు అడగలేదు. "నీళ్ళ పారుదల బట్టి పట్టొచ్చు అత్తయ్యా."

"ఎన్నాళ్ళకి కనబడకుండా పోతుంది?"

అలవాటు కొద్దీ ఫోన్లో క్యాలిక్యులేటరు తీసి, మళ్ళీ మూసేశాడు. "కొన్నేళ్ళు పట్టొచ్చండీ."

"ఫరవాలేదు," అని సూట్‌కేసు జిప్పు లాగింది మా ఆవిడ, "అప్పుడే జమ అవుతుందిలే."